సముద్రం అప్పగించినవాళ్ళు

హెల్లావిక్, ఫారో దీవులు
1959 జనవరి 20

చెల్లెమ్మా మాలన్,

నువ్వూ నీ వంటశాలా ప్రభువు చేతి కింద క్షేమమని తలుస్తూ రాస్తున్నాను. ఇక్కడ మేం ఉన్నాం. మీ వదిన ఎల్స్పా మోకాలి నొప్పి అలాగే ఉంది, మా ముసలి పొట్టేలు పొగరూ అలాగే ఉంది.

కబురేమిటంటే, క్రిస్మస్ వెళ్ళాక వచ్చిన గాలికి మందిరం పైకప్పు ఒక మూల లేచిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ తాతయ్య పటం తడిసి ముద్దయింది. చిన్నప్పుడు నువ్వూ నేనూ దాని కిందే కూర్చుని బుద్ధిమంతుల్లా నటించేవాళ్ళం, గుర్తుందా? సృష్టి మొదలుకొని కొత్త భూమి దాకా ఏడు గళ్ళ కాలాల పటం. ఆదాము నడుం దాకా కరిగిపోయాడు. నోవహు ఓడలో ఏనుగులు రెండూ కలిసి ఒకటే బూడిదరంగు మరకైపోయాయి.

సంఘపెద్ద నిక్లాయ్ గారు వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు. "హానుస్, ఊళ్ళో పడవలన్నిటికీ రంగు వేసేది నువ్వే. దీన్ని వేసింది మీ తాత. ఇంకెవరిని అడగమంటావు?" అన్నారు. ఆయన అడగడం ఎలా ఉంటుందో నీకు తెలుసు. అడగడం పూర్తయ్యేసరికి మనం ఒప్పేసుకుని ఉంటాం. జూన్ కూటాలకి అన్ని దీవుల నుంచీ విశ్వాసులు వస్తారు, అప్పటికి గోడకి ఎక్కాలట.

సంతోషించాను, అబద్ధమెందుకు. కొత్త తెరచాప గుడ్డ తెచ్చి పడవ కొట్టంలో బిగించాను, పాతదాన్ని పక్కనే వేలాడదీశాను. చూసి వెయ్యడమే పని. వెలుగు కలుగు గాక అన్న చోట ఎంత పసుపు కలపాలో తేలక వేసిందంతా గీకి మళ్ళీ మొదలుపెట్టాను. దేవుడు ఒక్క మాటతో కానిచ్చాడు, నాకు వారం పట్టింది.

మార్చి వస్తే హోగ్ని ఎక్కిన లోమ్విన్ ఓడ ఐస్లాండ్ దగ్గర మునిగి ఏడాది. ఉంటే మా వాడికి ఇరవై నిండేవి. ఎల్స్పా ఆ మాట ఎత్తదు, నేనూ ఎత్తను. ఇంట్లో ఉన్నది ఇద్దరమే కాబట్టి ఎత్తకుండా ఉండటం అంత కష్టం కాదు.

నీ కోసం రోజూ ప్రార్థించే అన్న,
హానుస్


వీబోర్గ్, డెన్మార్క్
1959 ఫిబ్రవరి 9

అన్నయ్యా,

ఆసుపత్రిలో రోగులకి మాంసం ఉండలు చేస్తూ పిండి చేతులతోనే నీ ఉత్తరం చింపాను. పొట్టేలు పొగరు అని రాస్తే ముందు నీ గురించే రాసుకున్నావేమో అనుకున్నాను. వదిన మోకాలికి గొర్రె కొవ్వు రాయడం మానిపించి డాక్టరుకి చూపించు. ఈ మాట నేను రాసినప్పుడల్లా నువ్వు ఆమెకి చదివి వినిపించవని నాకు తెలుసు.

తాతయ్య పటం తడిసిందంటే గుండె కలుక్కుమంది. అందులో నాకు ఆఖరి గడే ప్రాణం. మగాళ్ళంతా రాకడ ఎప్పుడు, సింహాసనం ఎక్కడ అని కూటం అయ్యాక కూడా వాదించుకుంటుంటే నేను ఆ ఏడో గడినే చూస్తూ కూర్చునేదాన్ని. అంతా పచ్చ. ఎక్కడా ఒక్క నీలపు చార కూడా లేదు. సముద్రము ఇకను లేదు అని కింద తాతయ్య వంకర అక్షరాలు. చేపల మీద బతికేవాళ్ళకి ఇదేం పరలోకం అని అప్పుడు నవ్వొచ్చేది. నా ఎయున్‌ని ఆ మహాతల్లి మింగాక నవ్వు రాలేదు. పెళ్ళయి రెండేళ్ళైనా నిండలేదు. అప్పటి నుంచీ ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతున్నాను. అందుకే చుట్టూ పొలాలే ఉన్న ఈ ఊరు వెతుక్కుని వచ్చాను. ఇక్కడ చేప కూడా లారీ ఎక్కి వస్తుంది.

కాబట్టి ఏడో గడి నా కోసం బాగా వెయ్యి. పడవ అడుగుకి పూసే ముదురాకుపచ్చ పూశావంటే ఊరుకోను. 

హోగ్ని మాట మీ ఇంట్లో ఎత్తకపోతే మీ ఇష్టం. నేను మేనత్తని. నా ఇంట్లో నేను ఎత్తుతాను.

వదినకి ముద్దులు, పొట్టేలుకి నమస్కారం.
మాలన్


హెల్లావిక్
1959 ఏప్రిల్ 14

చెల్లీ,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. గొర్రెలు ఈనుతున్నాయి. మొన్నటి మంచులో రెండు పిల్లలు పోయాయి, ఒక పిల్లని ఎల్స్పా పొయ్యి పక్కన పెట్టుకుని సాకుతోంది. అది నా చెప్పు నమిలింది.

పటంలో ఐదు గళ్ళు అయ్యాయి. ఐదోది చూస్తే నువ్వు ఏడుస్తావు. ప్రభువు మేఘాల మీద వస్తున్నాడు, ఆయనలో నిద్రించినవాళ్ళు ముందుగా లేస్తున్నారు, సమాధుల నుంచీ నీళ్ళ నుంచీ. అందులో ఎయున్‌ని వేశాను, ఆ ఎర్ర గడ్డంతో సహా. బాప్తిస్మం పొందిన రోజు వేసుకున్న చొక్కాయే తొడిగాను. ఊళ్ళో చూసినవాళ్ళందరూ గుర్తుపట్టారు.

తరవాత పని ఆగింది. చెమ్మ. రంగు ఆరడం లేదు. పోస్టు పడవ నడిపే పేటర్ రోజూ కొట్టంలోకి తొంగిచూసి, "ఏం హానుస్, నీ పటం కంటే ముందు ప్రభువే వచ్చేసేట్టున్నాడు!" అని వేళాకోళం. నవ్వేసి ఊరుకుంటున్నాను.

ఇంకొకటి చెప్పాలి, నేను చెప్పకపోతే ఇంకెవరో రాస్తారు. పోయిన ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె నా దాకా వచ్చింది. నేను విరుచుకోకుండా పక్కవాడికి అందించేశాను. మందిరం చిన్నది, అందరూ చూశారు. కారణం అడక్కు.

హానుస్


వీబోర్గ్
1959 మే 3

అన్నయ్యా,

అడక్కు అంటే అడగనా? అడగను. నాకు తెలుసు కాబట్టి అడగను.

ఐదో గడి దాకా చకచకా వేసినవాడికి ఆరో గడి దగ్గర చెమ్మ వచ్చిందా? ఎవరికి చెప్తావు ఈ కబుర్లు! నిన్ను ఆపింది ఏడోది. సముద్రం లేని లోకం వెయ్యడానికి నీకు చెయ్యి రావడం లేదు. నువ్వు పుట్టిందీ పెరిగిందీ దాని ఒళ్ళో, నీ అన్నం దానిది, ఇప్పుడు నీ కొడుకు దాని దగ్గరున్నాడు. దాన్ని తుడిచేస్తే వాడి సమాధి తుడిచేసినట్టుంటుందని నీ బాధ. నాకు అర్థమవుతుంది అన్నయ్యా, కానీ ఒప్పుకోను. మన ఇద్దరిళ్ళూ ఆర్పిన దొంగముండ అది. దాని మీద మమకారం పెట్టుకుని ప్రభువు రొట్టెని పక్కకి తోసేస్తావా?

రెండు డబ్బాలు పచ్చ రంగు పంపుతున్నాను. ఇక్కడి తలుపులకి వేసేది, మే నెలలో చిగురించే బీచ్ చెట్ల ఆకుల రంగు. కొట్లో వాడు ఎందుకమ్మా అని అడిగితే కొత్త భూమికి అన్నాను. బిత్తరపోయి చూశాడు.

నిక్లాయ్ గారికి కూడా ఒక ముక్క రాశాను, మా అన్నని ఒకసారి పలకరించండి అని. కోప్పడకు. దూరాన ఉన్నదాన్ని, ఇంతకంటే ఏం చెయ్యగలను?

మాలన్


హెల్లావిక్
1959 మే 17

మాలన్,

నీ డబ్బాలు చేరాయి. ఒకటి దారిలో కారి పోస్టు సంచంతా తడిపింది. ఊళ్ళో సగం ఉత్తరాలు పచ్చ అంచులతో చేరాయి. పోస్టాఫీసు ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

నిక్లాయ్ గారూ చేరారు. కాఫీ తాగారు, రూబార్బు జామ్ బాగుందన్నారు. కప్పు కింద పెట్టి ఎల్స్పా ముందే అడిగారు, "సహోదరుడా, నీకూ ప్రభువుకీ మధ్య ఏ పాపం అడ్డొచ్చింది?" అని. ఎల్స్పా లేచి, తలకి గుడ్డైనా కట్టుకోకుండా వానలో గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయింది.

నువ్వు మంచికే చేశావు. దెబ్బ ఒకచోట తగిలితే కట్టు ఇంకోచోట కట్టావు, అంతే. నాకు సముద్రం మీద మమకారమా? పొద్దున తలుపు తియ్యాలంటే అది కనబడుతుందని ఒళ్ళు మండుతుంది నాకు. నన్ను ఆపింది ఏడో గడి కాదు. ఆరోదే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇక చెప్తాను, విను.

హోగ్ని బాప్తిస్మం తీసుకోలేదు. మాతో కూర్చునేవాడు, పాటలు పాడేవాడు, కానీ ఎప్పుడూ లేచి నిలబడి నేను ప్రభువు వాణ్ణి అనలేదు. వెళ్ళే ముందు రేవులో అడిగాను. "తొందరేముంది నాన్నా, తిరిగొచ్చాక చూద్దాం" అన్నాడు.

మనకి నేర్పిందేమిటి? ప్రభువు వచ్చినప్పుడు ఆయనవాళ్ళు ముందు లేస్తారు. అది ఐదో గడి. మిగిలినవాళ్ళని సముద్రం ఆఖరి దినాన అప్పగిస్తుంది, తీర్పు కోసం. అది ఆరోది. ఎయున్‌ని ఐదులో వేశాను. నా కొడుకుని ఎందులో వెయ్యను?

తాతయ్య ఆరో గడి నీకు జ్ఞాపకం లేదేమో, నువ్వెప్పుడూ దాని పక్కదాన్నే చూశావు. ఎత్తున తెల్ల సింహాసనం. ఎడమవైపు మోకాటి లోతు నీళ్ళలో మనుషులు వరసగా, తారు రంగులో, తలలు దించుకుని. ఒక్కరికీ మొహం లేదు. సింహాసనం ముందు జీవగ్రంథం, ఇనప గొళ్ళెం పెట్టి మూసేసి ఉంది. చూసి వెయ్యడమే పని అని రాశాను కదా. తారు కలిపాను, కుంచె ముంచాను, మొదటి మనిషి భుజం గీశాను. ఆ భుజం మా వాడిది. కావాలని వెయ్యలేదు, చెయ్యి దానంతటదే వేసింది. కుంచె పారేసి బయటికి వచ్చాను. అంతే, మళ్ళీ ముట్టుకోలేదు.

దేవుడు న్యాయవంతుడని నమ్ముతాను. తీర్పు ఉందని నమ్ముతాను. నమ్మనివాడినైతే ఎంత హాయిగా ఉండేది! ఆ రొట్టె నోట్లో పెట్టుకుంటే ఆమేన్ అన్నట్టే కదా. నా కొడుకు తారు రంగుకి నేను ఆమేన్ ఎలా అనను?

హానుస్


వీబోర్గ్
1959 మే 29

అన్నయ్యా,

మూడు కాగితాలు చింపాక ఇది రాస్తున్నాను. నన్ను క్షమించు. వదినని కూడా క్షమించమను. నీ గాయం మీద పచ్చ రంగు పోశాను, పైగా పెద్దాయన్ని కూడా తోలాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇప్పుడు నేను చెప్పేది విను. సంఘంలో స్త్రీ మౌనంగా ఉండాలని నాకు ఉగ్గుపాలతో పట్టించారు. కానీ ఇది సంఘం కాదు, ఆసుపత్రి వంటశాల. ఇక్కడ నేను నోరెత్తకపోతే పులుసు మాడుతుంది.

నీ ఉత్తరం చదివి బైబిలు తీశాను. ఇన్నేళ్ళూ దాన్ని సముద్రము ఇకను లేదు అన్న చోట తెరిచి, ఆ మాట చదువుకుని, మూసేసేదాన్ని. దాని ముందు పేజీ చదివేదాన్ని కాదు. సముద్రం మనుషుల్ని అప్పగిస్తుందన్న మాట అక్కడుంది కదా, చదివితే నా ఎయున్ జుట్టులోంచి నీళ్ళు కారుతూ కళ్ళ ముందుకి వస్తాడు. నాకంత ధైర్యం లేదు. ఈసారి నీ కోసం చదివాను. పొయ్యి దగ్గర నిలబడి, గరిటె చేత్తో పట్టుకుని.

అన్నయ్యా, పుస్తకం మూసింది తాతయ్య. ఆ దర్శనం చూసి రాసిన యోహాను మూయలేదు.

నువ్వే తీసి చూడు. తెల్ల సింహాసనం ముందు చిన్నా పెద్దా నిలబడ్డారు. వాళ్ళ పనులు రాసిన గ్రంథాలు విప్పారు. ఆ తరవాత వేరే ఇంకొకటి కూడా విప్పారు. జీవగ్రంథం! విప్పింది ఐదో గడిలో కాదు, ఆరో గడిలో, సముద్రం అప్పగించినవాళ్ళ ఎదుటే. గరిటె కింద పెట్టాలని కూడా తోచలేదు. తరవాత పిండి బస్తా మీద కూలబడ్డాను. పక్కన పనిచేసే ఇంగా పరిగెత్తుకొచ్చి, "ఏమైందక్కా, ఎవరైనా పోయారా?" అంది. లేదే, ఎవరో దొరికేట్టున్నారు అన్నాను.

అందులో ఒక్క పేరూ ఉండదని ముందే తెలిస్తే అక్కడికి తెచ్చి విప్పడం దేనికి? కిందికి చదువు. ఎవని పేరైనా అందులో కనబడకపోతే, అని ఉంది. అది భయంకరమైన మాటే, నేను కాదనను. కానీ కనబడలేదు అనాలంటే ముందు వెతకాలి కదా. ఒక్కొక్కరినీ ఎదురుగా నిలబెట్టుకుని, ఒక్కొక్కరి పేరూ వెతుకుతారన్న మాట. ఆ పేజీలు తిప్పే చేతులు ఎవరివి? మేకుల గుర్తులున్న చేతులు కావూ?

హోగ్ని పేరు ఉందని నేను చెప్పలేను. లేదని నువ్వూ చెప్పలేవు, నిక్లాయ్ గారూ చెప్పలేరు. తాతయ్య కుంచె అసలే చెప్పలేదు. వాడు తొందరేముంది అన్నాడు. రానని అనలేదు కదా అన్నయ్యా. ఆ ఓడలో ఆఖరి గంటలో వాడు ఎవరిని పిలిచాడో నీకు తెలుసా, నాకు తెలుసా?

పులుసు మాడింది. ఇవాళ రోగులు రొట్టె, వెన్న తింటారు.

నీ చెల్లెలు,
మాలన్


హెల్లావిక్
1959 జూన్ 9

మాలన్, నా చెల్లీ,

నీ ఉత్తరం అందిన రోజు పొయ్యిలోకి పీటు మట్టి గడ్డలు తవ్వడానికి కొండ మీద ఉన్నాను. పేటర్ అంత దూరం ఎక్కి తెచ్చిచ్చాడు, పచ్చ అంచు లేని ఉత్తరం వచ్చిందోయ్ అని కేకేస్తూ. అక్కడే చదివాను. నమ్మలేదు. నిన్ను కాదు, నన్ను. పార అక్కడే గుచ్చి ఇంటికొచ్చి, నాన్న బైబిలు తీసి పేజీ పట్టుకున్నాను. ఉంది. నువ్వు చెప్పినట్టే ఉంది. చదివిన పేజీయే, వందసార్లు విన్న పేజీయే. ఇన్నేళ్ళూ నేను బైబిలు చదివాననుకున్నాను మాలన్. నేను చదివింది పటాన్ని.

ఎల్స్పా పాలు పితికి వచ్చింది. కూర్చో అన్నాను. అధ్యాయం మొత్తం చదివాను. తరవాత, "హోగ్ని అక్కడుంటే వాడి ఎదురుగా పుస్తకం తెరిచే ఉంటుందట" అన్నాను. ఏడాది పైన అయింది వాడి పేరు మా వంటింట్లో వినబడి. ఆమె పాల చెంబు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. "మళ్ళీ చదువు" అంది. చదివాను. "మళ్ళీ" అంది.

సాయంత్రం రేవు దాకా నడిచాను. పొగమంచు లేస్తోంది. దాని కిందనుంచి సముద్రం కొంచెం కొంచెంగా బయటపడుతోంది, ఎంత దూరమో, ఎంత వెలుగో, ఒక్క అల చప్పుడు కూడా లేదు. ఇంత పెద్ద దానికి ఒక రోజున ఆజ్ఞ వస్తుంది, ఇవ్వు అని. అది కిక్కురుమనకుండా ఇస్తుంది. ఒక్కణ్ణి కూడా దాచుకోదు. వాళ్ళందరినీ ఇచ్చాకే ఇక లేకుండా పోతుంది, అంతకు ముందు దానికి సెలవు లేదు. నీ వాక్యం, నా వాక్యం ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో చూశావా? నాకు భయమేసింది. టోపీ తీసి నిలబడ్డాను. చిన్నప్పుడు తప్ప అంత భయం, అంత సంతోషం కలిసి నాకెప్పుడూ రాలేదు.

మర్నాడే ఆ తారు భుజం గీకేశాను. వాళ్ళందరికీ మొహాలు వేస్తున్నాను. భయపడుతున్న మొహాలే, కానీ పైకెత్తిన మొహాలు. పుస్తకం బార్లా తెరిచాను.

నిక్లాయ్ గారు వచ్చి చూసి ఎర్రబడ్డారు. "నలభై ఏళ్ళుగా నేను బోధించేది, ఆ సింహాసనం ముందు నిలబడేది నశించినవాళ్ళే అని. నువ్వు వాళ్ళ మీద వెలుగు వేస్తావా?" అన్నారు.

"వెలుగు సింహాసనానిది, నాది కాదు. నేను పుస్తకం ఒక్కటే తెరిచాను నిక్లాయ్ గారూ. అది కూడా నేను తెరిచింది కాదు, వాక్యం చూడండి" అన్నాను.

"కూటాల ముందు రోజు వస్తాను. ఆ పుస్తకం అప్పటికీ అలాగే ఉంటే పటం గోడ ఎక్కదు" అని వెళ్ళిపోయారు. మూయను. పటం ఎక్కకపోయినా, నన్ను సహవాసంలోంచి వెలివేసినా మూయను. ఇప్పుడు ఆ గడి మధ్యలో ఒక మనిషి పట్టేంత తెల్ల గుడ్డ అలాగే ఉంది. అక్కడ ఇంకా చెయ్యి పెట్టలేదు.

హానుస్


వీబోర్గ్
1959 జూన్ 16

అన్నయ్యా,

మూయకు. వెలివేస్తే ఇద్దరూ ఇక్కడికి వచ్చెయ్యండి. సముద్రం లేదు గానీ పంది మాంసం బాగుంటుంది, వదిన మోకాలికి డాక్టరు మా మేడ మీదే ఉన్నాడు. పొట్టేలుని మాత్రం తేవొద్దు.

నిక్లాయ్ గారిని మరీ గట్టిగా ఎదిరించకు. ఎయున్ పోయినప్పుడు ఆయన మా ఇంటికి వచ్చి ఒక్క మాటైనా మాట్లాడకుండా రోజంతా కూర్చుని వెళ్ళారు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, వచ్చినవాళ్ళందరిలో నన్ను నొప్పించనిది ఆయనొక్కరే.

నేను ఇప్పుడు రోజూ ఆ ముందు పేజీ కూడా చదువుతున్నాను. ఎయున్ వస్తున్నాడు, నీళ్ళు కారుతూనే వస్తున్నాడు. రానీ. తువ్వాలు పట్టుకుని నిలబడతాను.

ఏం జరిగినా వెంటనే రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

మాలన్


హెల్లావిక్
1959 జూన్ 30

చెల్లీ,

నువ్వు నిద్రపోవాలి కాబట్టి వెనక నుంచి మొదలుపెడతాను. పటం గోడ ఎక్కింది. నేను రొట్టె విరిచాను.

కూటాలకి జనం కిక్కిరిసిపోయారు. దక్షిణ దీవుల నుంచి రెండు పడవల నిండా వచ్చారు. మొదటి కూటం అయ్యాక కాఫీకి వెళ్ళాలా, ఒక్కరూ వెళ్ళరు. ఆడవాళ్ళందరూ ఆరో గడి ముందుకి చేరారు. తోసుకోలేదు. నాకు తెలియని ఒక ముసలావిడ చాలాసేపు నిలబడి, ఆ నీళ్ళలో ఒక మొహాన్ని వేలితో చూపించి, "ఇతను మా ఆయన" అంది. నేను ఎవరినీ చూసి వెయ్యలేదమ్మా అనబోయాను. ఎల్స్పా నా చెయ్యి నొక్కింది. నీ పచ్చతో వేసిన ఏడో గడిని ఆ రోజు పెద్దగా ఎవరూ చూడలేదు, ఏమీ అనుకోకు. రెండో రోజు చూశారు, అందరూ మెచ్చుకున్నారు.

ఇక ముందు రోజు సంగతి. నిక్లాయ్ గారు అన్న మాట ప్రకారం వచ్చారు. బైబిలు చంకలో ఉంది. పటం ముందు నిలబడి బైబిలు తెరిచి, చేయి చాచి దూరంగా పట్టుకుని చదివారు. పటం చూశారు. మళ్ళీ చదివారు. మూయను అని చెప్పడానికి నోట్లో మాట సిద్ధంగా పెట్టుకుని ఉన్నాను.

ఆయన బైబిలు మూసి చంకలో పెట్టుకున్నారు. నా వైపు తిరగలేదు. పటంతోనే మాట్లాడుతున్నట్టు, "అక్కడ ఇంకా కాస్త చోటుందా హానుస్?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. దేనికండీ అన్నాను.

"మా తమ్ముడికి" అన్నారు. "సెవరిన్‌కి."

ఆయనకి తమ్ముడు ఉండేవాడని నాన్న ఎప్పుడో అనగా విన్నాను. తాగి, దేవుణ్ణీ నిక్లాయ్ గారినీ కలిపి తిడుతూ గాలిలో పడవేసుకుని పోయాడని, మళ్ళీ రాలేదని. నేనప్పటికి పసివాణ్ణి. ఆ పేరు ఆయన నోట ఊళ్ళో ఎవరూ విని ఉండరు. నలభై ఏళ్ళుగా ఆ మనిషి ఆ సింహాసనం గురించి బోధిస్తూ, ఆ తారు రంగు మనుషుల్లో తమ్ముణ్ణి పెట్టుకుని, ప్రతి ఆదివారం దానికి ఆమేన్ అంటూ వచ్చాడు మాలన్. నేను ఒక్క ఏడాదికే పడిపోయాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆయనా ఏడ్చారు, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని.

"ఎలా ఉండేవాడండీ?" అని అడిగాను.

"పొట్టి. ముక్కు విరిగింది. విరగ్గొట్టింది నేనే" అన్నారు.

ఆయన చూస్తుండగానే వేశాను, నీళ్ళ అంచున. విరిగిన ముక్కు వేసేటప్పుడు, "కొంచెం ఇటు, కొంచెం ఇటు" అని పక్కనుంచి దిద్దించారు. అయ్యాక చాలాసేపు చూసి, "వాడికి మోక్షం ఉందని నేను చెప్పడం లేదు" అన్నారు. నేనూ చెప్పడం లేదండీ అన్నాను. "సరే. పుస్తకం అలాగే ఉండనీ" అన్నారు. మర్నాడు మేకులు కొట్టింది ఆయనే.

ఆయన వెళ్ళాక ఎల్స్పాని పిలిచాను. పటం మధ్యలో ఆ తెల్ల చోటు ముందు ఇద్దరం నిలబడ్డాం. నేను వేస్తుంటే ఆమె పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. జుట్టు అయింది, నుదురు అయింది. "ఏమయ్యా, చెవులు కుదించావేం? మా వాడి చెవులు అంత చిన్నవా?" అంది. పెంచాను. ఇంకా అంది. ఇంకా పెంచాను. ఇద్దరికీ నవ్వొచ్చింది, వాడు పోయాక మొదటిసారి.

ఆఖరికి నోరు మిగిలింది. భయపడుతున్నట్టు వెయ్యనా, నవ్వుతున్నట్టు వెయ్యనా అని తెలియక కుంచె పట్టుకుని నిలబడిపోయాను. ఎదురుగా పుస్తకం తెరిచి ఉంది. ఆ పేజీలో ఏముందో నేను వెయ్యలేదు, వేసే హక్కు నాకు లేదు. కానీ వాడి నోరు కొంచెం తెరిచి వేశాను మాలన్. ఎవరో పేరు పెట్టి పిలిస్తే, పలకబోయే ముందు మనిషి నోరు ఎలా ఉంటుందో, అలా.

హోగ్ని తండ్రి, నీ అన్న,
హానుస్